సూర్యుని పంటకును గాదె యుండవలెను

కళ్ళము మీదనే ధాన్యము నమ్ముకొను రైతునకును, గాదెలో పోసి కొన్నాళ్ళాగిన రైతునకును దక్కు ధరలలోని భేదము మన సంఘ సభ్యులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. ఆ భేదమే నేడు విద్యుచ్ఛక్తి వ్యాపారమునను గానవచ్చుచున్నది.

2010 జనవరిలో జాతీయ సౌరశక్తి పథకమారంభమైనపుడు, 2022 నాటికి 20,000 మెగావాట్లు సాధింపవలెనని సంకల్పించిరి. 2015లో దానిని 1,00,000 మెగావాట్లకు హెచ్చించిరి. గడువు దాటిననేమి, 2025 జనవరి ముగియునప్పటికి దేశమా సంఖ్యను మించినది. మన సీమలోనే గని, శకునాల గ్రామములకడ 1,000 మెగావాట్ల సౌరక్షేత్రము 2017లో నడకకు వచ్చెను.

అయితే ఈ పంట మిట్టమధ్యాహ్నమునకే పండును. అప్పుడు సరకు విస్తారము, ధర స్వల్పము. ప్రొద్దు గ్రుంకి ఇంటింట దీపము వెలుగు వేళకు పంట లేదు, ధర హెచ్చు. కావున గాదె కావలసివచ్చినది. ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్ వద్ద 2024లో నెలకొల్పిన బ్యాటరీలు 40 మెగావాట్ల శక్తిని మూడు గంటలపాటు ఈయగలవు. నంద్యాల జిల్లా పిన్నాపురము పథకము మఱియొక రీతిది: పగటి విద్యుత్తుతో నీటిని మీది జలాశయమునకెక్కించి, కావలసినపుడు క్రిందికి వదలి మరల విద్యుత్తు పుట్టింతురు.

ఇంతవఱకు సంతోషమే. కాని, పొలము మనది, ఎండ మన పొలము మీదిది, పంట యెవరిది? ఇదియే నా ప్రశ్న.

కర్ణాటకములోని పావగడ కడ సుమారు 13,000 ఎకరములను రైతులు కౌలునకిచ్చిరి. మొదట ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు నిర్ణయించిరి. కఱవు సీమలో అది కొద్ది సొమ్ము కాదు; ఇచ్చినవారిని నేను తప్పుపట్టను. కాని కౌలు భూస్వామికే చేరును. ఆ చేనిలో కలుపు తీసి బ్రతుకు కూలివానికిని, గొఱ్ఱెల కాపరికిని అందులో భాగము లేదు.

వేఱొక మార్గము కలదు. పాల సహకారమునకు పుట్టినిల్లయిన గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో ఢుండీ యను గ్రామము కలదు. డీజిలు ఇంజనులతో నీరు తోడుకొనుచుండిన అచ్చటి రైతులారుగురు 2016లో సౌరవిద్యుత్ సహకార సంఘముగా నేర్పడిరి. తమ సౌరపంపులతో చేలు తడుపుకొని, మిగిలిన విద్యుత్తును ప్రభుత్వ విద్యుత్ సంస్థకు యూనిట్టు 4 రూపాయల 63 పైసల వంతున అమ్మునట్లు 25 ఏండ్లకు ఒడంబడిక చేసికొనిరి. ఇందలి కీలకము గ్రహింపుడు. మోటారును ఊరక త్రిప్పినచో అమ్మకపు సొమ్ము పోవును. ఆపినచో చేతికి వచ్చును. కావున భూగర్భజలమును పొదుపు చేయుటకు రైతునకు కారణమేర్పడినది. ఉచిత విద్యుత్తుగల మన సీమలో మోటారును ఆపినవానికి లాభమేమి? ఆ లాభము చూపనిదే సౌరపంపులను మాత్రము పంచిపెట్టినచో, బోర్లు మఱింత త్వరగా నెండునని నా భయము.

2019లో ఆరంభించిన పీఎం-కుసుమ్ పథకమున, బీడు భూములలో 2 మెగావాట్ల వఱకు సౌరకేంద్రములను నెలకొల్పుటకు సహకార సంఘములకును అర్హత కల్పించిరి. అనగా చట్టము మనకు తలుపు తెఱచినది. లోనికి నడువవలసినది మనము.

కష్టములు లేవని నేననను. మూలధనము పెద్దది, అప్పు తేవలెను. బ్యాటరీ గాదెవంటిదే యైనను, ఏండ్లు గడచినకొలది దాని పట్టు తగ్గును. మార్పునకు నిధి కూడబెట్టవలెను. విద్యుత్ సంస్థ సకాలమున బిల్లు చెల్లింపనిచో అప్పు వాయిదా తప్పును. ఇవన్నియు లెక్కించి, తొలుత చిన్నదానితోనే మొదలిడుట మేలు.

సభ్యులకు నా మనవి యొక్కటే. కౌలు పత్రముతో ఎవరైనను మీ గడపకు వచ్చినచో ఒంటరిగా వ్రేలిముద్ర వేయకుడు. ఆ పత్రమును సంఘమునకు తెండు. గడువెన్నేండ్లు, కౌలు ఏ లెక్కను పెరుగును, గడువు తీరినపిదప పలకలను, కాంక్రీటును తొలగించి భూమిని సాగుకు తెచ్చునదెవరు, అను ఈ మూడు ప్రశ్నలును నలుగురిలో అడుగుడు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఊరి బీడు భూముల జాబితాను తయారుచేసి చర్చింపుడు. కూలివారిని గూడ పిలువుడు. ధాన్యమునకు గిడ్డంగి కట్టుకొనగలిగిన చేతులు ఎండకును గాదె కట్టుకొనగలవు.