సముద్రమునకు పోయి ఏమి చూచి వచ్చితిమి?

మన తెలుగు కుటుంబములు సెలవుదినములలో విహారమునకు పోవు పద్ధతిని గూర్చి నాలుగు కఠినవాక్యములు వ్రాయదలచితిని. సంఘ సంచికలలో సాధారణముగా మనలను మనము పొగడుకొను వ్యాసములే యుండును. ఇది అట్టిది కాదు. చదువరులు కొందరు నొచ్చుకొనవచ్చును. నొచ్చుకొన్నను కడవరకు చదువవలయునని నా ప్రార్థన.

కోవిల్‌పట్టి నుండి తూత్తుకుడి సముద్రతీరము సుమారు 60 కిలోమీటర్లు. విరుదునగరము వారికి అరుప్పుకోట మీదుగా రెండు గంటల ప్రయాణము. కాణుం పొంగలు నాడో, వేసవి సెలవులలోనో నాలుగిండ్లవారు కలిసి ఒక వ్యాను మాట్లాడుకొందురు. బండి కదలగానే పాటలపెట్టె మ్రోగనారంభించును. ఆ మ్రోతలో ప్రక్కవాని మాట ప్రక్కవానికి వినబడదు. తిరుచెందూరులో త్రోపులాటల నడుమ దర్శనము, మధ్యాహ్నము ఎక్కడనో చెట్టు క్రింద పులిహోర పొట్లములు, సాయంకాలము తూత్తుకుడిలో ముయల్ తీవు ఒడ్డున అరగంట, చేతిఫోనులతో ఛాయాచిత్రములు, చీకటి పడులోపల తిరుగు ప్రయాణము. ఇంటికి చేరిన పిల్లవానిని “ఏమి చూచితివిరా?” అని అడిగిన “బీచ్” అనును. దినమంతయు తిరిగి వాడు తెచ్చుకొన్న మాట అదొక్కటే. అది తెలుగును గాదు, తమిళమును గాదు.

ఇందులో తప్పేమి, పిల్లలకు ఒకనాడైనను విశ్రాంతి వలదా, విహారములో గూడ పాఠమేనా అని అడుగువారున్నారు. న్యాయమైన ప్రశ్నయే. కాని పాఠము వేరు, పేరు వేరు. కాలి క్రింద ప్రాకిపోవుచున్న దానిని చూపి “ఇది పీతరా” అని చెప్పుట పాఠము కాదు. దానికి పలకయు వలదు, పరీక్షయు లేదు. మనవంటి వారికి ఇదియే మిగిలిన పాఠశాల యని కూడ గుర్తుంచుకొనవలయును. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట మన పిల్లలు పదవ తరగతి వరకు తమిళము తప్పక చదువవలసి యున్నది. చదువనిండు. ఈ నేలమీద బ్రతుకువారికి ఈ నేల భాష భారమును కాదు, అవమానమును కాదు. అయితే బడిలో తెలుగునకు చోటు తగ్గినకొలది ఇంటిలోను, దారిలోను అది పెరుగవలసినది పోయి అక్కడను తగ్గుచున్నది. ఇది చట్టము చేసిన పని కాదు, మనము చేసిన పని. వ్యానులో ఆ పాటలపెట్టె మీటను త్రిప్పినది ఏ ప్రభుత్వమును గాదు.

దారినే తీసికొందము. కోవిల్‌పట్టి నుండి తూర్పుగా సముద్రమునకు పోవు మన బండ్లు చాలవరకు ఎట్టయపురము మీదుగా పోవును. అక్కడ ఎవరును దిగరు. కాఫీకి దిగినను ఊరిలోనికి పోరు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసినది ఆ ఊరిలోనే, ఆయన సమాధి యున్నదియు అచ్చటనే. ఆ వంశమునకు చెందిన సుబ్బరామ దీక్షితులు తన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లో ప్రకటించినది ఆ సంస్థానపు ఆశ్రయముననే. సుమారు 1700 పుటల ఆ మహాగ్రంథము తెలుగు భాషలో, తెలుగు లిపిలో, ఎట్టయపురములోని విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చయినది. కృష్ణాతీరమునకు ఎంతో దూరముగా, ఈ నల్లరేగడి నడుమ, తెలుగు సీసపక్షరములను ఒక్కొక్కటిగా ఏరి పేర్చిన చేతులు ఆనాడుండెను. 1882లో అదే ఊరిలో పుట్టిన సుబ్రహ్మణ్య భారతి తమిళమునకు మహాకవి యయ్యును తెలుగు సౌందర్యమును తన పాటలో మెచ్చుకొన్నాడు. ఇంత గల ఊరు మన పిల్లలకు కిటికీలో కనబడి మాయమగు బస్సు నిలయము మాత్రమే.

ఇంకొంత ముందునకు పోయి ప్రక్కకు తిరిగిన పాంచాలంకురిచ్చి. 1799లో కయత్తారున ఉరితీయబడిన వీరపాండ్య కట్టబొమ్మన కోట స్థలమది. కోట నేలమట్టమయినది. 1974లో కట్టిన స్మారకమును, తెలుగు మూలముగల కంబళత్తు నాయకుల ఇలవేల్పు జక్కమ్మ గుడియు అక్కడ చూడవచ్చును. ఈ పక్క ఇట్లుండగా, తెలుగును చూపుటకై పిల్లలను హైదరాబాదునకు తీసికొనిపోయి చార్మినారు ముందు నిలిపి వచ్చువారు మనలో నున్నారు. పోవలదని యనను. కాని ఇంటి పెరటిలోని బావి పూడ్చి పొరుగూరి చెరువునకు కావడి పట్టుకొని పోవుట ఏ వివేకము? విరుదునగర జిల్లావారి సంగతి మరియు విచిత్రము. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ కథ నడచిన శ్రీవిల్లిపుత్తూరు వారి గడపలోనే యున్నది. వారు అక్కడికి పోవుటయు కలదు. పాలకోవా కొనుక్కొని వత్తురు.

ఇదంతయు మనదే యని జెండా పాతుడని నేను చెప్పుట లేదు. ఈ ప్రాంతపు సొగసే వేరు. తమిళనాట పుట్టి పెరిగిన సంగీతవంశమువాడు తెలుగున గ్రంథము వ్రాసెను. కోవిల్‌పట్టి చెంత ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళమున వ్రాసి ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందెను. మన పూర్వులు ఉత్తరమునుండి వలసవచ్చిన కథను తమిళ పాఠకులకు చెప్పినవాడు ఆయనయే. అంతటితో ఊరకుండక ఈ కరిసల్ నేల ప్రజల పలుకుబడిలోని తమిళ మాటలను ఏరి 1982లో ఒక నిఘంటువునే వెలువరించెను. 2021లో ఆయన గతించినప్పుడు మన సంఘములు సంతాపసభలు జరిపినవి, పూలమాలలు వేసినవి. ఆయన చేసిన పనిలో నూరవ వంతు, అనగా మన యిండ్లలోని తెలుగు మాటల పట్టికయైనను, ఈ సంఘములలో ఎన్ని చేసినవి?

సముద్రమన్న మాట రాగానే పెద్దలు మరియొక అడ్డంకి చెప్పుదురు. “మనది మెట్టసేద్యము. మనకు సముద్రముతో నేమి పని? అది పరదవుల సొత్తు” అని. ఇందులో సగము నిజము. మన పూర్వులు నల్లరేగడిని వెదకికొని వచ్చిరిగాని ఉప్పునీటిని వెదకికొని రాలేదు. పత్తికిని, సజ్జకును, ఎద్దుకును, కాడికిని మన యిండ్లలో మాటలు కుప్పలుగా నున్నవి. కెరటమునకును, చుక్కానికిని అంత వాడుక లేదు. అయినంత మాత్రమున సముద్రము మనది కాకపోవునా? సాత్తూరు ప్రక్కగా పారు వైప్పారును చూడుడు. పడమటి కనుమలలో పుట్టి, విరుదునగర జిల్లా చేలనడుమ సాగి, విళాత్తికుళమును దాటి, సిప్పికుళము దగ్గర మన్నారు సింధుశాఖలో కలియును. మన చేలపై కురిసిన వాన మనకంటె ముందే అక్కడికి పోయి వచ్చుచున్నది. ఒక్క దినము ఆ యేటి వెంట పోయి, అది కడలిలో కలియు చోట నిలిచి చూచిన కుటుంబములు మనలో ఎన్ని యున్నవి?

సిప్పికుళము అను పేరే ఒక పాఠము. తమిళుల సిప్పి మన చిప్పయే. వారి అలై మన అల, వారి వలై మన వల, వారి ఓడం మన ఓడ. ఉప్పు ఇరువురకును ఉప్పే. నండు మాత్రము మనకు పీత, ముయల్ తీవు మనకు కుందేటి దీవి. రెండు భాషలు ఒకదాని ప్రక్క నొకటి ఎంత దగ్గరగా నడచునో, ఎక్కడ విడిపోవునో, ఇసుకలో ఆడుకొను పిల్లవానికి గంటలో తెలియును. బడిలో తెలుపవలెనన్న ఏడాది పట్టును. కాని తెలిపెడివారు ఎవరు?

ఇక్కడనే మన విహారములలోని అసలు అన్యాయము బయటపడుచున్నది. వ్యానులో చోటు చాలనప్పుడు మొదట ఇంటివద్ద విడువబడునది అవ్వ. “నీవు నడువలేవు, ఎండ పడదు, ఇల్లు చూచుకొనవమ్మా” అందురు. ఒకవేళ తీసికొనిపోయినను చెప్పుల మూటకును, సంచులకును కాపలా కూర్చుండబెట్టుదురు. ఇంటిలో తెలుగు మాటలు ఎక్కువగా మిగిలియున్నది ఆమె నోటనే. చెట్టునకు, పురుగునకు, మబ్బునకు, గాలికి ఆమె యొద్ద పేరున్నది. ఆమెను తాళము వేసిన ఇంటిలో నుంచి, ఆమె భాష చచ్చిపోవుచున్నదని వార్షికోత్సవ వేదికపై కన్నీరు కార్చుదుము. ఆమె కోడలి గతియు అంతే. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపి, దారిపొడుగునను వడ్డించి, గిన్నెలు కడిగి, రాత్రి మరల వంటయింటిలో ప్రవేశించు ఆడుదానికి అది విహారదినమా? మగవారు ఒక్క పూట వంటపని పంచుకొన్నచో ఆమెయు పిల్లల చేయి పట్టుకొని నీటి యంచున నడచును.

చూడవలసినవి లేక కాదు. తూత్తుకుడి చుట్టును ఉప్పుమళ్ళు. దేశములో గుజరాతు తరువాత అత్యధికముగా ఉప్పు పండునది ఇక్కడనే. భూగర్భపు ఉప్పునీటిని పైకి తోడి, మడినుండి మడికి మరల్చి, ఎండకు చిక్కబరచి, గడ్డకట్టిన ఉప్పును పారలతో లాగి గట్టుపై కుప్పవేయుదురు. ఆ తెల్లని తళుకు నడుమ దినమంతయు నిలుచువారి కన్నులు ఏమగునో ఒక్కమారు అక్కడ నిలిచినవానికి తెలియును. దినమును ఉప్పు తినెడి పిల్లవాడు అది అంగడిలో పుట్టునని యనుకొనుచున్నాడు. ఆ మళ్ళలోనే పొడుగుకాళ్ళ పూనారై పక్షులు గుంపులుగా దిగును. తిరుచెందూరు దిక్కున ఎఱ్ఱని ఇసుకతిన్నెల తేరికాడు, తాటితోపులు, ఒకనాడు పాండ్యుల ముత్యాల రేవై నేడు సముద్రమునకు దూరమై చేలలో మిగిలిపోయిన కొర్కై. తిరునెల్వేలి దారిలో వల్లనాడు గుట్టమీద కృష్ణజింకలు. ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రజంతువైన జింక యిక్కడ గంతులు వేయుచున్నదని మనలో ఎందరెరుగుదురు?

ఇక మనము విడిచివచ్చు గుర్తులు. కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి 2020లో భౌగోళిక గుర్తింపు పొందినదని గర్వించుచున్నాము. దాని పొట్లపు కాగితములు కుందేటి దీవి ఇసుకలో పొరలుటయు మన గుర్తింపే. ఆ తీరమునకు ఎదురుగా నున్నది 1986లో ఏర్పడిన సముద్ర జాతీయవనము, తూత్తుకుడి నుండి రామేశ్వరము దిక్కునకు సాగు 21 దీవుల వరుస. సున్నమునకును కట్టడములకును పగడపురాళ్ళను పెకలించుటచే అలల తాకిడికి అడ్డు పోయి, తూత్తుకుడి దగ్గరి వాన్ దీవి మిక్కిలి కుంచించుకొని పోయినది. దానిని నిలుపుటకు 2015 మొదలుకొని నీటిలో కాంక్రీటు దిమ్మెలు దింపవలసి వచ్చినది. 2001లో పగడములను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చిరి. పగడపు తునక నేరిన పిల్లవానితో, అది రాయి కాదు, ప్రాణుల ఇల్లు అని చెప్పి అక్కడనే పెట్టించువారు పెద్దలు. సంచిలో వేసికొనుమనువారు పెద్దలు కారు.

కావున రాబోవు సంవత్సరపు సంఘవిహారమునకు నా కోరిక యిది. బండిలో ముందు వరుస అవ్వలకును తాతలకును. పాటలపెట్టె మూతవేయవలెను. పాడదలచినవారు నోటితో పాడుదురు గాక. ఎట్టయపురమున గంటసేపు ఆగి సమాధిని చూచి, విళాత్తికుళము మీదుగా ఏటి వెంట సిప్పికుళమునకు పోవలెను. గుడి మరియొక నాడు. వంట మగవారిది. ఒక నోటుపుస్తకమును పిల్లలకిచ్చి, అవ్వలు పలికిన మాటలను తెలుగక్షరములలో వ్రాయించి, మరుసటి సంచికలో ఈ వ్యాసమునకు బదులుగా అచ్చువేయవలెను. పుష్యమాఘములలో పోయిన ఎండ ఓర్చుకొనదగియుండును. అయినను ఉప్పుమళ్ళ యొద్ద నీడ యన్నది లేదు, గొడుగులు మరువరాదు.