పాదిరికి ధైర్యం చెప్పిన ఎల్లయ్య

మశూచి ఇంకా దేశాన్ని వదలని రోజులు. ముచ్చింతల సంఘపెద్ద ఎల్లయ్య మైళ్ల కొద్దీ నడిచి వచ్చి, పాల్ హీబర్ట్ అనే మిషనరీ ఇంటి గడప దగ్గర నిలబడ్డాడు. ఊళ్లో తల్లి పోసింది. పసిపిల్లలు రాలిపోతున్నారు, మందులు పని చేయలేదు. మైసమ్మకు కోపం వచ్చిందని, దున్నపోతును బలివ్వాలని తేలడంతో పెద్దమనుషులు ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవులు ఇవ్వలేమన్నారు. దాంతో వాళ్లకు బావి నీళ్లు బంద్, దుకాణంలో ఉప్పూపప్పూ బంద్. మనసులో దేవుడికి చెప్పుకుని ఆ డబ్బులేవో ఇచ్చేద్దామని కొందరు విశ్వాసులే అన్నారు. ఎల్లయ్య ససేమిరా అన్నాడు. ఇప్పుడు క్రైస్తవుల ఇంట్లోనే ఒక ఆడపిల్లకు పోసింది. ప్రార్థన చేయమని అడగడానికి వచ్చాడు.

ప్రార్థన చేశారు. పాప దక్కలేదు.

హీబర్ట్ కుంగిపోయాడు. అడిగితే జవాబు రాని ప్రార్థన చేసే తాను మిషనరీ ఎలా అవుతానని బాధపడ్డాడు. కొన్ని వారాలకు ఎల్లయ్య మళ్లీ వచ్చాడు, ముఖం వెలిగిపోతూ. పిల్ల పోయింది కదా, ఈ సంతోషమేమిటని అడిగితే ఆయన చెప్పిన సంగతి ఇది: బిడ్డ బతికి ఉంటే ఊరు దేవుడి శక్తిని ఒప్పుకునేదే, కానీ ఎప్పటికైనా ఆమె చావాల్సిందే కదా అనుకునేది. సమాధి దగ్గర మాత్రం క్రైస్తవులు పునరుత్థానం మీద పెట్టుకున్న ఆశను ఊరంతా కళ్లారా చూసింది. అప్పటినుంచి జనం వచ్చి ఈ మార్గం గురించి అడుగుతున్నారు.

దీన్ని లోకానికి చెప్పింది హీబర్టే. ఆయన సామాన్యుడు కాదు. 1899లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చిన ఎన్.ఎన్. హీబర్ట్ మనవడు, తండ్రీ మిషనరీయే. 1932లో శంషాబాద్‌లో పుట్టాడు. పాలమూరు ప్రాంతంలోని ఒక ఊరి కులాలు, కట్టుబాట్ల మీద 1971లో పుస్తకం రాశాడు. తర్వాత అమెరికా సెమినరీల్లో పాఠాలు చెప్పి పెద్ద పండితుడిగా పేరు తెచ్చుకున్నాడు. మూడు తరాల మిషనరీ వంశంలో పుట్టిన ఆ మనిషికి విశ్వాసం సడలిన వేళ బలమిచ్చింది ఒక పల్లెటూరి సంఘపెద్ద.

ఇలాంటి ఎల్లయ్యల సంగతిని పాలమూరు, నల్లగొండ సంఘాలు పట్టించుకోవాలి. 1885లో పాలమూరులో మిషన్ మొదలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు ఎల్బర్ట్ చ్యూట్ పేరు చరిత్రలో ఉంది. నేటి ఉక్రెయిన్ నుంచి 1889లో తెలుగునేలకు వచ్చి నల్లగొండలో స్థిరపడిన మెన్నోనైట్ దంపతులు అబ్రహాం, మరియా ఫ్రీసెన్‌ల పేర్లూ ఉన్నాయి. 1907లో వచ్చి 1945లో శంషాబాద్‌లో కన్నుమూసేదాకా రోగుల మధ్యే బతికిన డాక్టరమ్మ కాథరీనా షెల్లెన్‌బర్గ్‌ను ఎంత తలచుకున్నా తక్కువే. మరి ఆ దొరల వెంట ఊరూరా నడిచిన తెలుగు ఉపదేశకులో? వాళ్లకు అన్నం పెట్టిన ఇళ్లో? ఇల్లిల్లూ తిరిగిన బైబిలు స్త్రీలో? ఆ స్త్రీల మీద జేమ్స్ తానేటి వంటి చరిత్రకారులు రాశారు. కానీ ఏ ఊరి సంగతి ఆ ఊరే రాసుకోవాలి.

పితరులను తలచుకోవడం అనగానే కొందరు పాస్టర్లు జంకుతారు, మృతులకు మొక్కడం అవుతుందేమోనని. ఆ భయంలో న్యాయం ఉంది. అయితే మొక్కడం వేరు, సాక్ష్యం చెప్పుకోవడం వేరు. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో ఆ కుర్రవాడి అమ్మమ్మ లోయినీ, తల్లి యునీకేనీ పేరుపెట్టి గుర్తు చేశాడు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయమంతా పేర్లే. హేబెలుతో మొదలై రాహాబును కూడా కలుపుకున్న ఆ వరుసను నలిగిపోతున్న సంఘానికి ధైర్యం చెప్పడానికే రాశారు.

మన ఇళ్లలో దీనికి చోటు ఇప్పటికే ఉంది. జ్ఞాపకార్థ కూటం. వాకిట్లో షామియానా, కుర్చీలో పూలదండ వేసిన ఫొటో, పక్కనే అట్ట ఊడిపోయిన బైబిలు. ఆ ఫొటోలోని ముసలమ్మకు చదువు రాదు, పురుషోత్తమ చౌదరి కీర్తనలు మాత్రం నోటికి వచ్చు. ఆ బైబిలు మనవరాలితో చదివించుకుని వినేది. కూటంలో వాక్యం గంటసేపు నడుస్తుంది, ఆమె గురించి రెండు ముక్కలు, తర్వాత భోజనాలు. వెట్టి రోజుల్లో ఆమె అత్తమామలు బాప్తిస్మం తీసుకోవడానికి ఏమి పోగొట్టుకున్నారో మూడో వరుసలో కూర్చున్న ఆమె తమ్ముడికి తెలుసు. ఆయనను ఎవరూ అడగరు. వచ్చే ఏడాది ఆయనా ఉండకపోవచ్చు.

జడ్చర్లలోనైనా, దేవరకొండలోనైనా ఈసారి కూటం పెట్టుకునే కుటుంబాలు ఒక్క అరగంట అలాంటి పెద్దమనిషికి ఇవ్వండి. ఈ ఇంట్లో మొదట నమ్మినది ఎవరు, వాళ్లకు చెప్పినది ఎవరు, ఊరు ఏమంది అని అడగండి. చదువుకున్న పిల్లలతో ఒక నోటుబుక్కులో రాయించి, సంఘం రిజిస్టర్ పక్కన పెట్టండి.