దుప్పి కూర పట్నానికి, బెయిలు ఖర్చు గూడేనికి

ఈ మధ్య మన పోరలు సెల్‌ఫోన్లలో అమెరికా వేట వీడియోలు చూస్తున్నారు. గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చే తుపాకే, కాకపోతే కొత్త రకం. దాన్ని ఇన్‌లైన్ మజిల్‌లోడర్ అంటారు. తక్కువ ధరలో ఏది మంచిది, యాభై గజాల లోపు దుప్పిని పడగొట్టడానికి ఏది సరిపోతుంది అని పంతుళ్లనే అడుగుతున్నారు. పంతుళ్లు నవ్వి ఊరుకుంటున్నారు. నవ్వి ఊరుకునే మాట కాదిది. ఆ తుపాకి ఇక్కడ దొరకదు కాబట్టి వాడు అక్కడితో ఆగడు, దొంగచాటుగా చేసే నాటు తుపాకి దగ్గరికి పోతాడు.

ఆ అమెరికా తుపాకి సంగతి ముందు చెప్పుకుందాం. మిస్సోరీ రాష్ట్రంలో టోనీ నైట్ అనే ఆయన 1985లో చేసిన ఎంకే-85తో ఈ రకానికి గిరాకీ పెరిగింది. అక్కడ మందు తుపాకికంటూ వేరే వేట కాలం పెడతారు. వేటగాడు డబ్బు కట్టి లైసెన్సు, ట్యాగు తీసుకుంటాడు, ఎన్ని కొట్టాలో సర్కారే లెక్క కడుతుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టానికి 1991లో సవరణ వచ్చినప్పటి నుంచి దుప్పికి వేట కాలమూ లేదు, ట్యాగూ లేదు. చంపడమే కాదు, చంపాలని చూడడం, ఉచ్చు పెట్టడం కూడా ఆ చట్టంలో వేటే. మామూలు అడవిలో మూడేళ్ల దాకా జైలు. కవ్వాల్ లాంటి అభయారణ్యంలో పట్టుబడితే మూడేళ్లకు తక్కువ వేయడానికి వీల్లేదు, ఏడేళ్ల దాకా వేయొచ్చు. లైసెన్సు లేని తుపాకికి ఆయుధాల చట్టం కింద ఇంకో కేసు. 2019 సవరణ తర్వాత అది రెండేళ్ల నుంచి ఐదేళ్లు. చౌక తుపాకి అంటున్న తమ్ముడు ఈ ధర కూడా కలిపి లెక్క చూసుకోవాలి.

‘వేట మన సంస్కృతి’ అని వేదికల మీద గొంతు చించుకునే పెద్దలు మనలోనూ ఉన్నారు. అవును, వేట మనదే. గోదావరి వైపు కోయలు విత్తనాల పండుగకు వేటకు పోతారు. అయితే ఆ వేటకు ఊరంతా కదిలేది, దేవుడి మొక్కు ఉండేది, వచ్చిన మాంసం ఇంటింటికీ పంచేవారు. రాత్రిపూట తలకు బ్యాటరీ లైటు కట్టుకుని ఒక్కడే పోయి కొట్టి, తెల్లారేసరికి మోటార్ సైకిల్ మీద పట్నానికి పంపేది ఏ పెన్ పండుగలో ఉంది? దాన్ని సంస్కృతి అనకండి. అది కూలి. దొరలూ నవాబులూ షికారుకు వచ్చినప్పుడు హాకా కొట్టింది మన తాతలే, తుపాకి పట్టుకుంది వాళ్లు. ఇప్పుడు తుపాకి మన చేతికి వచ్చింది గానీ తినేవాడు మారలేదు.

పట్టుబడితే ఎవరి గతి ఏమిటో కూడా చూడండి. 1998లో జోధ్‌పూర్ దగ్గర కృష్ణజింకలను చంపిన కేసులో సల్మాన్ ఖాన్‌కు శిక్ష పడింది 2018లో. ఐదేళ్ల జైలు అన్నారు, రెండు రోజుల్లో బెయిలు వచ్చింది. మన కొలాం పిల్లవాడికి జమానతు ఇచ్చేవాడిని వెతకడానికే వారాలు పడుతుంది. ఆ లోపు పత్తి ఏరేదెవరు?

ఇంకో సంగతి చెప్పాలి, ఇది అందరికన్నా మన ఆడవాళ్లకు బాగా తెలుసు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప పువ్వు రాలుతుంది. పువ్వు తినడానికి దుప్పులు చెట్ల కిందికి వస్తాయి. మాటు వేసినవాడు అక్కడే కూర్చుంటాడు. పశువులు తినకముందే ఏరుకోవాలని మన అక్కలు, అవ్వలు చీకటితోనే అక్కడికే వస్తారు. ఎండుటాకు చప్పుడైతే అది దుప్పి కాలో మనిషి కాలో మసక వెలుతురులో తేల్చేదెట్లా? పైగా నాటు తుపాకి గుండు ఒకచోట పడదు, చిందుతుంది. తడి తగిలితే పేలదు, గొట్టం సరిలేకపోతే పేల్చినవాడి చేతిలోనే పగులుతుంది. దెబ్బ తిన్న దుప్పి అక్కడికక్కడే పడేది తక్కువ. పొదల్లో పడి చస్తుంది, ఎవరికీ దక్కదు. చుక్కల దుప్పికి ఈనే కాలమంటూ ఒకటి లేదు, ఏడాది పొడవునా ఈనుతుంది. పడిపోయిన తల్లి వెనుక ఏ నెలలోనైనా కూన ఉండొచ్చు.

తుపాకి కాకపోతే కరెంటు తీగ అంటారు కొందరు. అది మరీ పాపిష్టి పని. 2024 ఫిబ్రవరిలో పాత కరీంనగర్ జిల్లా కాటారం అడవిలో కూంబింగ్‌కు పోయిన గ్రేహౌండ్స్ జవాను వేటగాళ్లు పెట్టిన తీగ తగిలే చనిపోయాడు. ఆ తీగకు పులి అయినా ఒకటే, ఎద్దు అయినా ఒకటే.

పులి మాట వచ్చింది కాబట్టి ఒకటి. పెద్దపులి బతకాలంటే వారానికి ఒక పెద్ద జంతువు కావాలి. తడోబా వైపు నుంచి పులులు ప్రాణహిత, పెన్‌గంగ దాటి వస్తూనే ఉన్నాయి. అడవిలో దుప్పి లేకపోతే పులి మన పశువుల మంద మీద పడుతుంది. అప్పుడు దెబ్బ ఎవరికి?

ఇదంతా చదివి అటవీ శాఖ వాళ్లు తమ మాటే చెబుతున్నాడని సంతోషపడనక్కర లేదు. 2006 అటవీ హక్కుల చట్టం వేటను సాంప్రదాయ హక్కు అని ఒప్పుకుని, అదే వాక్యంలో తీసేసింది. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం అయ్యాక మైసంపేట, రాంపూర్ ఊళ్లు లేచిపోవాల్సి వచ్చింది. అడవి పందుల మంద రాత్రికి రాత్రి జొన్న, మక్క చేను తొక్కిపోతే పరిహారం కాగితాలకు ఎన్ని సార్లు తిరగాలో చేను పోగొట్టుకున్నవాడిని అడగండి. పోరడు నాటు తుపాకి వైపు చూడడానికి సగం కారణం ఇదే.

అసలు అడగాల్సిన తుపాకి ఒకటి చట్టంలోనే ఉంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదవండి. పంట కాపలాకు మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని అందులో పేరు పెట్టి రాసి ఉంది. దానితో దుప్పిని కొట్టడానికి వీల్లేదు, పందిని చంపాలన్నా వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అనుమతి కావాలి. కానీ మంద చేనులోకి దిగినప్పుడు ఉత్త చప్పుడు చేసినా చాలు. కర్ణాటక కొడగులో కొడవలకు సాంప్రదాయం పేరిట అసలు లైసెన్సే అక్కర లేదు, ఆ మినహాయింపును 2019లో కేంద్రం 2029 దాకా పొడిగించింది. వాళ్లకు సాంప్రదాయం, మనకు కేసు!

కాబట్టి పంతుళ్లూ, పోరలకు తుపాకి రకాలు కాదు, ఆ సెక్షన్ చదివి వినిపించండి. రాయి సెంటర్‌లో మాట్లాడండి, గ్రామసభలో తీర్మానం రాయించండి, పట్టా నకలు జతచేసి దరఖాస్తు పెట్టించండి. కాదంటే కారణం కాగితం మీద రాసి పెట్టాలని 14వ సెక్షన్ చెబుతోంది. ఆ కాగితం అడిగి తెచ్చుకోండి, 18వ సెక్షన్ కింద అప్పీలుకు అదే పనికొస్తుంది.