పన్నెండు ఇళ్లకు ఒక కారు: సూరత్ తెలుగు వాడ అడుగుతున్న ప్రశ్న

'పట్టణ రవాణా' మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది జవాబు ఒకే దారిలో నడుస్తుంది. మెట్రో, బీఆర్‌టీఎస్, ఎలక్ట్రిక్ బస్సులు రాసి, చివర్లో 'కార్ షేరింగ్‌ను ప్రోత్సహించాలి' అని ఒక వాక్యం పెట్టి ముగిస్తాం. ఎవరు ప్రోత్సహించాలి? ఏ చట్టం కింద? ఎవరి కోసం? ఆ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగి ఆలోచిద్దాం. ఉదాహరణగా సూరత్‌ను తీసుకుంటున్నాను.

సూరత్ ఎందుకు?

సూరత్ అనగానే వజ్రాలు, చీరలు గుర్తుకొస్తాయి. ఆ చీరల వెనక మనవాళ్ల చేతులు కూడా ఉన్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు దశాబ్దాల కిందటే పవర్‌లూమ్ పని వెతుక్కుంటూ అక్కడికి వెళ్లి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోందంటే ఆ జనాభా ఎంతటిదో ఊహించుకోండి.

2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా దాదాపు 44.6 లక్షలు. బీఆర్‌టీఎస్ బస్సులు 2014 నుంచి నడుస్తున్నాయి. మెట్రోకు 2021 జనవరిలో శంకుస్థాపన జరిగింది. రోజూ మిల్లుకు, మార్కెట్‌కు వెళ్లడానికి సైకిల్, బండి, షేర్ ఆటో, బస్సు ఉన్నాయి. అంటే రోజువారీ ప్రయాణానికి కారు అవసరం లేదు.

కారు అవసరమయ్యేది ఎప్పుడు? అర్ధరాత్రి తల్లికి ఆయాసం వచ్చినప్పుడు. పెళ్లిచూపులకు పెద్దవాళ్లను తీసుకెళ్లాల్సినప్పుడు. ఊరి నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో దిగిన చుట్టాలను, వాళ్ల మూటలను స్టేషన్ నుంచి ఇంటికి చేర్చాల్సినప్పుడు. నెలకు రెండు మూడు సార్లు, అంతే. అప్పుడు వాడలో కారున్న ఒక్క ఇంటి తలుపు తడతారు. "అన్నా, రేపు పొద్దుగాల కారు దొరుకుతదా?" మొదటిసారి దొరుకుతుంది. రెండోసారీ దొరుకుతుంది. మూడోసారి అడగడానికి నోరు రాదు. ఆ కారు మాత్రం వారంలో ఎక్కువ రోజులు నీడలో ఊరికే నిలబడి ఉంటుంది.

సమస్య కార్లు లేకపోవడం కాదు. ఉన్న కారును గౌరవంగా, హక్కుగా పంచుకునే ఏర్పాటు లేకపోవడం.

మూడు మాటలు, మూడు అర్థాలు

పరీక్షలో చాలామంది తడబడేది ఇక్కడే. రైడ్ పూలింగ్ అంటే ఒకే ప్రయాణంలో సీట్లు పంచుకోవడం. సెల్ఫ్ డ్రైవ్ అద్దె అంటే ఒక కంపెనీ కారును రోజుకో గంటకో కిరాయికి తీసుకోవడం. కార్ షేరింగ్ అంటే ఒక సభ్యుల బృందం కొన్ని కార్లను ఉమ్మడిగా ఉంచుకుని, వంతుల ప్రకారం వాడుకుని, వాడినంత చెల్లించడం. పేర్లు దగ్గరగా ఉన్నా చట్టం వీటిని వేర్వేరుగా చూస్తుంది.

ఈ ఆలోచన యాప్‌లతో పుట్టిందనుకుంటే పొరపాటు. 1948లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఒక గృహనిర్మాణ సహకార సంఘం సభ్యులు దీన్ని మొదలుపెట్టారు. కారు కొనే స్తోమత లేనివాళ్లు కలిసి కొనుక్కున్నారు. అదే దేశంలో 1987లో పుట్టిన రెండు చిన్న సహకార సంఘాలు 1997లో విలీనమై 'మొబిలిటీ' అయ్యాయి. నేడు అది దాదాపు 3,000 వాహనాలు నడిపే సంస్థ. దాని కార్లు చాలా రైల్వే స్టేషన్ల దగ్గర కూడా దొరుకుతాయి. అంటే అక్కడ కారు రైలుకు పోటీ కాదు, తోడు.

చట్టంలో ఖాళీ ఎక్కడ?

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో యంత్రశక్తితో నడిచే వాహనాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి (35వ అంశం). సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి (32వ అంశం). మన కారు ఈ రెండింటి మధ్య ఇరుక్కుంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 75వ సెక్షన్ క్యాబ్‌లను అద్దెకిచ్చే పథకాలకు వీలు కల్పిస్తుంది. ఆ వీలుతో వచ్చిందే 1989 నాటి రెంట్-ఎ-క్యాబ్ పథకం. దాని ప్రకారం లైసెన్సు కావాలంటే కనీసం 50 క్యాబ్‌లు ఉండాలి. పెద్ద కంపెనీకి అది చిన్న సంఖ్య. లింబాయత్ వాడకు అది ఎప్పటికీ అందని సంఖ్య.

ఇప్పుడు మరోవైపు చూడండి. గుజరాత్ సహకార సంఘాల చట్టం, 1961 ప్రకారం వేర్వేరు కుటుంబాలకు చెందిన పది మంది ఉంటే సంఘం నమోదుకు దరఖాస్తు చేయవచ్చు. పది కుటుంబాలు కలిసి పాల సంఘం పెట్టవచ్చు, పరపతి సంఘం పెట్టవచ్చు. అవే పది కుటుంబాలు ఒక కారు కొని, కిలోమీటరుకు ఇంత అని తమలో తాము చెల్లించుకుంటే మాత్రం 'ఇది కిరాయి కాదా?' అనే ప్రశ్న వెంటనే లేస్తుంది. ప్రైవేటు కారు బీమా కిరాయి వాడకానికి వర్తించదు. ప్రమాదం జరిగిన రోజున ఆ ప్రశ్నకు జవాబు దొరక్కపోతే నష్టం మొత్తం ఆ పది ఇళ్ల మీద పడుతుంది.

2019 సవరణ తర్వాత కేంద్రం 2020 నవంబరులో అగ్రిగేటర్ మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రైవేటు కార్లలో పూలింగ్‌కు నగరంలో రోజుకు 4, నగరాల మధ్య వారానికి 2 ప్రయాణాల పరిమితితో అవకాశం కల్పించింది. అంటే సీటు పంచుకోవడాన్ని విధానం గుర్తించింది. కారు పంచుకోవడాన్ని ఇంకా సరిగా గుర్తించలేదు.

'నమ్మకం కుదరదు' అనేవారికి

'మనవాళ్లు ఉమ్మడి వస్తువును జాగ్రత్తగా చూసుకోరు' అని మీరు అనవచ్చు. గారెట్ హార్డిన్ 1968లో చెప్పిన 'ఉమ్మడి వనరుల విషాదం' ఇదే. దీనికి జవాబు ఎలినోర్ ఆస్ట్రమ్ పరిశోధనలో ఉంది. ఆమెకు 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. సభ్యులెవరో స్పష్టంగా ఉండి, నియమాలు వాళ్లే రాసుకుని, తప్పుకు తగ్గ జరిమానా ఉండి, తగాదా దగ్గర్లోనే తీరితే ఉమ్మడి వనరు నిలుస్తుందని ఆమె చూపారు.

ఇదంతా మనకు కొత్త కాదు. మన వాడల్లో చిట్టీ నడిచేది ఇలాగే కదా! ఎవరి వంతు ఎప్పుడు, ఎవరు ఆలస్యం చేశారు, ఎవరికి హామీ ఎవరు అన్నీ అందరికీ తెలుసు. డబ్బును వంతుల్లో పంచుకోగలిగిన వాడ కారును పంచుకోలేదా?

ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. 4.8 లక్షల సెకండ్ హ్యాండ్ కారు, 12 కుటుంబాలు. ఇంటికి 40,000 వస్తుంది. బీమా, మరమ్మతులకు ఏడాదికి 60,000 అనుకుంటే ఇంటికి 5,000. ఇంధనం ఎవరు వాడితే వారిదే. ఒక్క ఇంటికి భారమైనది పన్నెండు ఇళ్లకు చిట్టీ అంత.

ప్రమాదాలు కూడా రాయాలి

ఒకవైపే రాస్తే అది వ్యాసం కాదు, ప్రకటన. మొదటి అభ్యంతరం: ఇప్పటివరకు కారు లేనివాళ్ల చేతికి కారు ఇస్తే రోడ్డుపై రద్దీ పెరగదా? కొంత పెరగవచ్చు. కానీ కిలోమీటరుకు చెల్లించేవాడు ప్రతి ప్రయాణాన్నీ లెక్క చూసుకుంటాడు. సొంత కారు కొన్నవాడు 'ఎలాగూ కొన్నాం కదా' అని తీస్తాడు. రెండోది: పారిస్‌లో 2011లో ఎంతో ఆర్భాటంగా మొదలైన ఎలక్ట్రిక్ కార్ల పథకం 'ఆటోలిబ్' లోటు పెరిగిపోయి 2018లో మూతపడింది. పైనుంచి దించిన పథకానికి, కింది నుంచి లేచిన సంఘానికి తేడా ఉంది. ఆ తేడాను మీ జవాబులో చూపండి.

అయితే ఏం చేయాలి?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒకటి, సభ్యుల సొంతమైన, లాభాపేక్ష లేని సంఘాలకు 50 క్యాబ్‌ల షరతు వర్తించకుండా కేంద్రం ప్రత్యేక వర్గాన్ని సృష్టించాలి. రెండు, అలాంటి ఉమ్మడి వాడకానికి బీమా సంస్థలు ప్రత్యేక పాలసీ తేవాలి. మూడు, బీఆర్‌టీఎస్ స్టాపుల దగ్గర, రేపటి మెట్రో స్టేషన్ల దగ్గర కార్పొరేషన్ ఈ కార్లకు పార్కింగ్ చోటు కేటాయించాలి. వాహనాలను కాదు, మనుషులను కదిలించాలన్న 2006 జాతీయ పట్టణ రవాణా విధానానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘం ఏర్పాటును 19(1)(సి) కింద ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. సుముల్ డెయిరీ 1951 నుంచి నిలబడిన జిల్లా అది. పాలు కలిపి పోయడం తెలిసిన నేలకు కారు కలిపి వాడుకోవడం కొత్త విద్య కాదు. చట్టం తలుపు తీస్తే చాలు.

రేపు మీలో ఒకరు రవాణా శాఖలోనో, మున్సిపల్ కమిషనర్ కుర్చీలోనో కూర్చుంటారు. పది మంది నేత కార్మికులు ఒక దరఖాస్తు పట్టుకుని వస్తారు. 'నిబంధనల్లో లేదు' అని తిప్పి పంపుతారా, నిబంధన మార్చడానికి పై అధికారులకు నోట్ పెడతారా? ఆ రోజు మీరు రాసే నోట్‌కు ఇవాళ రాసే జవాబే రిహార్సల్.

సాధన ప్రశ్న: "పట్టణ పేదలకు రవాణా అంటే రోజువారీ ప్రయాణం మాత్రమే కాదు." సహకార కార్ షేరింగ్ నేపథ్యంలో చర్చించండి. (250 పదాలు)