పని నడకను గీసే గుర్తులు ఎవరి చేతిలో ఉండాలి?

ఊళ్లోని పాల సేకరణ కేంద్రంలో జరిగే పని పైకి చాలా తేలికగా కనిపిస్తుంది. రైతు పాలు తెస్తాడు. తూకం వేస్తారు, నమూనా తీస్తారు, వెన్న శాతమూ వెన్న కాని ఘనపదార్థాల శాతమూ (ఎస్‌ఎన్‌ఎఫ్) చూస్తారు, ధర కట్టి చీటీ ఇస్తారు. కొన్నాళ్లకు డబ్బు ఖాతాలో పడుతుంది. ఈ వరుసను కాగితం మీద గీయమంటే మాత్రం అసలు ప్రశ్నలు బయటపడతాయి. యంత్రం చూపిన అంకె రైతు కంటపడేది చీటీ అచ్చయ్యే ముందా, తర్వాతా? కొలత మీద అనుమానం వస్తే మళ్లీ పరీక్షించడానికి నమూనా మిగిలి ఉంటుందా, లేక అప్పటికే పారబోశారా? రైతుకు దక్కే ధర ఆ అంకె మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇవి చిన్న ప్రశ్నలు కావు. మాటల్లో దాగిపోయే ఖాళీ బొమ్మలో దాగదు. బాణం ఎక్కడికీ చేరకుండా ఆగిపోతే చూసిన ప్రతివారికీ తెలిసిపోతుంది.

పనిని ఇలా గీసి చూసే ఆలోచనకు నూరేళ్లు దాటాయి. ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ‘ప్రాసెస్ చార్టు’లను వివరించారు. ఇప్పుడు వ్యాపార ప్రక్రియల్ని గీయడానికి విస్తృతంగా వాడే పద్ధతి బీపీఎంఎన్. దాని మొదటి రూపం 2004లో వచ్చింది, రెండో రూపం 2011లో. 2013లో అది ఐఎస్‌ఓ 19510 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. అందులో సన్నని గీతతో వృత్తం మొదలుకు, మందపాటి గీతతో వృత్తం ముగింపుకు గుర్తు. మూలలు గుండ్రంగా ఉన్న పెట్టె ఒక పని, డైమండ్ ఆకారం దారి చీలే చోటు. ఎవరి పని వారి ‘లేన్’లో, అంటే వారి వరుసలో ఉంటుంది. ఇంత తెలిస్తే చాలావరకు చదవొచ్చు.

అయితే ఆ గుర్తుల్లో పాల క్యాను లేదు, నమూనా సీసా లేదు, తూకం యంత్రం లేదు. ఉండాలని అడగడం కూడా సబబు కాదు. ప్రపంచంలోని ప్రతి వృత్తికీ ఒకే ప్రమాణం గుర్తులు ఇవ్వలేదు. అందుకే గీసేవాళ్లు ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మను తెచ్చి అతికిస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ దాన్ని పక్కకు జరిపితే బాణం పాత చోటే ఉండిపోతుంది. పని పద్ధతి మారిన ప్రతిసారీ అంతా మళ్లీ గీయాలి. రెండు మూడుసార్లు అలా జరిగాక ఎవరూ గీయరు, పాత పటమే గోడ మీద మిగులుతుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉపయోగం ఇక్కడ తెలుస్తుంది. ‘డయా’ అనే పటాల సాఫ్ట్‌వేర్‌నే తీసుకుంటే, అందులో ఒక ఆకృతి అంటే ఎవరైనా తెరిచి చదవగల చిన్న పాఠ్య ఫైలు. అది ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటుంది. ఆకృతి పేరు, దాని ఐకాన్, బాణాలు అతుక్కునే బిందువులు, అక్షరాలు కూర్చునే పెట్టె, చివరగా ఎస్‌వీజీ పద్ధతిలో రాసిన గీతలు, అంతే. ‘షీట్’ అనే మరో ఫైలు ఇలాంటి ఆకృతులన్నిటినీ ఒక జాబితాగా కూరుస్తుంది. వీటిని హోమ్ ఫోల్డర్‌లోని డయా ఫోల్డరులో పెట్టి సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ తెరిస్తే నమూనా సీసా మిగతా గుర్తుల పక్కనే కనిపిస్తుంది. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ రానివారు కూడా ఉన్న ఫైలును నకలు తీసి, అంకెలు మార్చి చూస్తూ ఒక సాయంత్రంలో నేర్చుకోగల పని ఇది. అందులో అన్నిటికన్నా విలువైనది సీసా బొమ్మ కాదు, ఆ అతుకు బిందువులు. సీసాను ఎక్కడికి జరిపినా బాణం వెంట వస్తుంది. అప్పుడే అది దిద్దుకోగల పటమవుతుంది.

ప్రమాణాలను పట్టుకునేవారు దీనికి ఒప్పుకోరు. ఎవరికి తోచిన గుర్తు వారు తయారు చేసుకుంటే ఒకరి పటం మరొకరికి అర్థం కాదంటారు. ఈ భయంలో నిజముంది. ముగింపు వృత్తానికి బదులు కార్యాలయం లోగో, పని పెట్టెకు బదులు మేఘం పెట్టిన పటాలు అర్థం కాకపోగా తప్పుదారి పట్టిస్తాయి. కానీ బీపీఎంఎన్ ప్రమాణమే దీనికి తోవ చూపింది. అదనపు సమాచారం తెలిపే కొత్త గుర్తులను చేర్చుకోవచ్చు, అవి ఉన్న గుర్తులతో తికమక పడేలా ఉండకూడదు. కాబట్టి ‘పరీక్షించు’ అన్నది మామూలు పని పెట్టెగానే ఉండాలి, సీసా దాని పక్కన వస్తువుగా రావాలి. క్రియలు ప్రమాణానివి, వస్తువులు ఊరివి. ఈ ఒక్క హద్దు పాటిస్తే సొంత లైబ్రరీ వల్ల నష్టం లేదు. పైగా క్యాను, సీసా గుర్తులను పాలు పోసే మనిషి కూడా పోల్చుకుంటాడు, వట్టి పెట్టెల వరుసను చూస్తే ఆగడు.

తెలుగుకు మరో లెక్క ఉంది. ఇంగ్లిషు కోసం కొలిచిన పెట్టెల్లో తెలుగు ఇరుక్కుపోతుంది. పైన గుడులు, కింద ఒత్తులు ఉండటంతో వరుసకు ఎత్తు ఎక్కువ కావాలి. సొంత ఆకృతి అయితే ఆ పెట్టె కొలతను అక్షరాలకు తగ్గట్టు మార్చుకోవచ్చు. షీట్ ఫైలులో ఒక్కో పేరును వేర్వేరు భాషల్లో రాసే వీలుంది కనుక అదే లైబ్రరీ తెలుగులో ఒకలా, కన్నడంలో ఒకలా పలకరిస్తుంది. రాసేది యూనికోడ్‌లోనే రాయాలి. ముద్రణ కోసం చేసిన పాత ఫాంట్లలో పేర్లు రాసిన పటం మరో కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా తేలడం తెలుగువారికి కొత్తేమీ కాదు.

డయా లోపాలూ దాచనక్కర్లేదు. దాని 0.97.3 విడుదల 2014 నాటిది, ఆ తర్వాత అభివృద్ధి నెమ్మదించింది. పైగా దానికి గీత తెలుసు గాని అర్థం తెలియదు. డైమండ్ నుంచి ఒకే దారి బయటికి వచ్చినా తప్పని చెప్పదు. పటాన్ని నేరుగా కంప్యూటర్ చేత నడిపించాలనుకునే పెద్ద సంస్థకు అర్థాన్ని కూడా నిల్వ చేసే బీపీఎంఎన్ ఫైళ్ల పరికరాలే కావాలి. లిబ్రెఆఫీస్ డ్రా ఇప్పటికే ఉన్నచోట దాని గ్యాలరీలో గుర్తులు దాచుకుని, అతుకు బిందువులతో కలుపుకున్నా సరిపోతుంది. ఏ పరికరమన్నది రెండో ప్రశ్న. గుర్తు తెరిచి దిద్దుకోగలిగేలా ఉందా లేదా అన్నది మొదటిది.

ప్రభుత్వ విధానం దీనికి అడ్డు కాదు. ఈ-పాలనలో బహిరంగ ప్రమాణాలపై కేంద్రం 2010లోనే విధానం తెచ్చింది, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడకంపై 2015లో మరొకటి. ఆచరణలో మాత్రం కార్యాలయాలు, సహకార సంఘాలు సాధారణంగా బయటపెట్టేది పీడీఎఫ్ ఒక్కటే. చూడటానికి పీడీఎఫ్ చాలు, దిద్దడానికి చాలదు. పటంతో పాటు ఆకృతి ఫైళ్లు, షీట్, ఐకాన్లు ఒకే మూటగా ఇవ్వాలి. అవి లేని కంప్యూటర్‌లో ఆ పటం సరిగా తెరుచుకోదు కూడా. ఏ లైసెన్సు కింద పంచుతున్నారో ఆ మూటలోనే రాయాలి. వాణిజ్య సాఫ్ట్‌వేర్ నుంచి ఎత్తుకొచ్చిన ఐకాన్లను స్వేచ్ఛా లైబ్రరీ అని పంచడం కుదరదు, గుర్తును తామే గీసుకోవాలి. క్యాను గీయడానికి ఒక దీర్ఘచతురస్రం, పైన మెడకు ఇంకో చిన్నది, పిడికి రెండు వంపు గీతలు చాలు.