డబ్బులిచ్చి కొన్న ఆట

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు అమ్మ అటక సర్దమంది. ఇంజనీరింగు నోట్సులు, ఒక పాడైపోయిన కీబోర్డు, వాటి అడుగున ఒక సీడీ డబ్బా దొరికాయి. తీసి చూస్తే కారు పందేల ఆట. వెనకాల ధర చీటీ ఇంకా చెరిగిపోలేదు, 999 రూపాయలు. 2000లో మొదటి జీతంతో కొన్నాను. నా జన్మలో డబ్బులిచ్చి కొన్న మొదటి ఆట అదే.

మరి అంతకుముందు ఆడినవన్నీ? దాచడానికేముంది, అన్నీ దొంగ కాపీలే. కాలేజీ పక్కన యాభై రూపాయలకి సీడీ నిండా ఆటలు రాసిచ్చే షాపు ఒకటుండేది. డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రోడ్ రాష్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, ఏది కావాలంటే అది. మా బ్యాచ్‌లో ఒక్కడికి కూడా అది తప్పని తోచలేదు. ఉద్యోగంలో చేరి, నేను రాసే ప్రోగ్రాముకి ఎవరో డబ్బులిస్తేనే నాకు జీతం వస్తోందని బుర్రకెక్కాక కాస్త సిగ్గేసింది. ఆ సిగ్గు ఖరీదే ఆ 999.

సరే, హైదరాబాదు తీసుకొచ్చి మావాడికి చూపిద్దామనుకున్నాను. వాడి ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే లేదు. యూఎస్‌బీ డ్రైవు ఒకటి కొన్నాను. ఇన్‌స్టాల్ అయితే బాగానే అయింది. తీరా ఆట మీద నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కారణం పట్టుకోవడానికి ఒక రాత్రి పట్టింది. ఆ రోజుల్లో సీడీలు కాపీ కొట్టకుండా సేఫ్‌డిస్క్ లాంటి తాళాలు వేసేవాళ్ళు. డ్రైవులో ఉన్నది అసలు డిస్కేనా అని ఆట మొదలయ్యేముందు ఒక డ్రైవర్ చూసి చెబుతుంది. ఆ డ్రైవర్ కూర్చునేది ఆపరేటింగ్ సిస్టం నడిబొడ్డున. అక్కడ కన్నం పడితే మొత్తం కంప్యూటరే పోతుంది. అందుకని 2015లో వచ్చిన విండోస్ 10లో దానికి చోటివ్వలేదు. అదే ఏడాది సెప్టెంబరులో విస్టా, 7, 8లలో కూడా ఒక సెక్యూరిటీ అప్‌డేట్‌తో దాన్ని ఆపేశారు. భద్రత దృష్టితో చూస్తే సరైన పనే, నేనయినా అదే చేసేవాణ్ణి. కాకపోతే తాళంచెవి పనిచెయ్యడం మానేసినా తాళం మాత్రం అలాగే ఉండిపోయింది.

తమాషా ఏమిటంటే, అదే ఆట దొంగ కాపీ ఉన్నవాడికి ఈ గొడవే లేదు. వాడి కాపీలో ఆ తాళం ఎప్పుడో పీకేశారు. అంటే, డబ్బులిచ్చినవాడు గుమ్మం బయట, ఇవ్వనివాడు పందెంలో!

ఆఫీసులో మా కుర్రాడొకడు "సార్, క్రాక్ దించుకుంటే రెండు నిమిషాల పని" అన్నాడు. నిజమే. కానీ ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాము మా ఇంటి కంప్యూటర్లో నడపడం నాకిష్టం లేదు. అంతకంటే ముఖ్యం, ఏ దొంగతనం మానేద్దామని 999 పెట్టానో, ఆ వస్తువు వాడుకోడానికే మళ్ళీ దొంగదారి తొక్కాలా? నా మొండితనం మా ఇంట్లో అందరికీ తెలిసిందే. ఆ ఆట ఏ కంప్యూటరు కోసం తయారయిందో ఆ కంప్యూటర్నే కట్టాలనుకున్నాను.

మీకూ ఇలాంటి సరదా ఉంటే ముందు ఒకటి తేల్చుకోండి: మీరు ఆడాలనుకున్నవి ఏ కాలం ఆటలు? డాస్ కాలంవి అయితే కంప్యూటరు కట్టొద్దు. డబ్బు దండగ. 2002 నుంచీ ఉన్న డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము చాలావాటిని చక్కగా నడుపుతుంది. పైగా పాత ఆటల్లో కొన్ని ప్రాసెసర్ వేగాన్ని నమ్ముకుని రాసినవి, వేగం పెరిగితే బొమ్మలు పిచ్చిపట్టినట్టు పరిగెడతాయి. వెనకటి క్యాబినెట్లకి టర్బో బటన్ ఉండేది ఇందుకే, పేరు టర్బో అయినా దాంతో అసలు పని వేగం తగ్గించడం. డాస్‌బాక్స్‌లో అయితే వేగాన్ని కీబోర్డు మీదే తగ్గించుకోవచ్చు. 2005 తర్వాతి ఆటలు ఇప్పటి విండోస్‌లో చాలామటుకు నడిచిపోతాయి. చిక్కల్లా మధ్యలో, అంటే సుమారు 1996 నుంచి 2003 దాకా వచ్చిన విండోస్ 95, 98 ఆటలతో. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాముల్ని నడపదు. దాంతో ఆట 32 బిట్‌దే అయినా, దాని ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది కావడంతో గుమ్మంలోనే ఆగిపోయేవి కొన్ని, నా ఆటలా తాళం దగ్గర ఆగిపోయేవి కొన్ని.

1999లో మా మొదటి కంప్యూటరు కోసం నాన్నా నేనూ సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లన్నీ ఎక్కి దిగాం. ఈసారి నేను తిరిగింది పాత ఇనప సామాన్ల కొట్లు. మూడో కొట్లో ఏదో ఆఫీసు వదిలించుకున్న పెంటియం 3 దొరికింది. 866 మెగాహెర్ట్జ్, ఇంటెల్ 815 చిప్‌సెట్, పక్కన విండోస్ 98 లైసెన్సు చీటీ కూడా చెక్కుచెదరకుండా ఉంది. "ఏం జేస్తవ్ సార్ దీంతోని?" అన్నాడు కొట్టు యజమాని. ఆడుకుంటానంటే నమ్మలేదు. పదిహేను వందలకి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చాక మొదటి పని కరెంటు పెట్టడం కాదు, మూత విప్పి చూడటం. ఆ కాలపు మదర్‌బోర్డుల్లో చాలావాటికి కెపాసిటర్ల జబ్బు ఉండేది. పైన ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా వాటిని మార్పించాలి. నాకు రెండు ఉబ్బి కనిపించాయి, టీవీ రిపేరు చేసే ఆయన ఇరవై నిమిషాల్లో మార్చేశాడు. పాత ఎస్ఎంపీఎస్‌ని నమ్మకండి, అది పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోతుంది. టైము గుర్తుంచుకునే బిళ్ళ బ్యాటరీ మార్చండి. హార్డ్ డిస్కు బదులు ఐడీఈ అడాప్టర్ పెట్టి కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు వాడాను. చప్పుడు లేదు, చెడితే ఇంకో కార్డు. ర్యామ్ 256 ఎంబీ చాలు. పాతది కదా ఎక్కువ పెడదామనుకోకండి, 512 దాటితే విండోస్ 98కే తికమక. గ్రాఫిక్స్‌కి జీఫోర్స్ 2 ఎంఎక్స్ వేశాను. వూడూ కార్డు జోలికి పోలేదు. అది చేసిన త్రీడీఎఫ్ఎక్స్ 2000 డిసెంబరులో తన ఆస్తులు ఎన్విడియాకి అమ్ముకుని కథ ముగించింది, ఇప్పుడా కార్డులు సేకరించేవాళ్ళు చెప్పే ధరలకి దణ్ణం పెట్టి వచ్చేశాను. సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డు మాత్రం పట్టుబట్టి సంపాదించాను. 2007లో వచ్చిన విస్టాతో పాత ఆటలు సౌండు కార్డుని నేరుగా వాడుకునే దారి మూసుకుపోయింది. గుహలోకి వెళితే మారుమోగే ఆ చప్పుడు అసలైన యంత్రం మీద వింటే తెలుస్తుంది తేడా. ఆఖరి మాట, దీన్ని ఇంటర్నెట్‌కి తగిలించొద్దు. విండోస్ 98కి మరమ్మతులు 2006 జులైలోనే ఆగిపోయాయి.

మొత్తం ఆరు వేల పైచిలుకు, నాలుగు ఆదివారాలు. మా ఆవిడ "ఇంట్లో ఉన్న మూడు చాలవా?" అని ఒకసారి అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయింది.

అయిదో ఆదివారం సీడీ పెట్టాను. డ్రైవు గరగరమంది. తెర నల్లబడింది. ఓ పది క్షణాల తర్వాత ఇంజను చప్పుడు. మావాడు పక్కన కూర్చుని "నాన్నా, చెట్లేంటి అట్టముక్కల్లా ఉన్నాయి?" అన్నాడు. ఓ గంటయ్యాక లేవమంటే లేవలేదు.

అంతా బాగానే ఉంది కదా, ఇంకేం గోల అంటారేమో. గోలంతా ఇక్కడే ఉంది. ఈ కంప్యూటరు ఇంకో పదేళ్ళు నడుస్తుందా? చెప్పలేం. ఇనప కొట్లో ఇంకోటి దొరుకుతుందా? అదీ చెప్పలేం. పాత యంత్రాలు దాచుకోవడం సరదాయే గానీ పరిష్కారం కాదు. పరిష్కారం ఏమిటో ఈడ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎప్పుడో చూపించారు. 1993లో వచ్చిన డూమ్ సోర్స్ కోడ్‌ని 1997లోనే బయటపెట్టారు, 1999లో క్వేక్‌ది కూడా. ఇవాళ డూమ్ నడవని కంప్యూటరు వెతకడమే కష్టం. దాని కోసం ఎవరూ అటకలు వెతకక్కర్లేదు. సోర్స్ ఇవ్వడం కుదరకపోతే కనీసం తాళమైనా తీసేసి అమ్మొచ్చు. 2008లో మొదలైన గాగ్ చేస్తున్నది అదే. నేను కాలేజీలో దొంగతనంగా ఆడినవాటిల్లో కొన్నిటికి అక్కడ డబ్బు కట్టి కొన్నాను. ఆలస్యంగానైనా బాకీ తీరినట్టుంది.

నన్ను భయపెట్టేది నా ఆట కాదు, మావాడి ఆటలు. 2014లో ది క్రూ అని ఇంకో కారు పందేల ఆట వచ్చింది. 2024లో దాని సర్వర్లు ఆపేశారు. అంతే, కొన్నవాళ్ళు ఒంటరిగా కూడా ఆడుకోవడానికి వీల్లేకుండా పోయింది. పెంటియం 3 తెచ్చినా, ఏ కంప్యూటరు కట్టినా లాభం లేదు, ఆటలో సగం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది కాబట్టి. సర్వర్లు ఎల్లకాలం నడపమని నేననను. సర్వర్ల ఖర్చేమిటో ఆ పనిచేసేవాణ్ణి, నాకు తెలుసు. కానీ ఆపేసే రోజున ఆ తాళం కూడా తీసి వెళ్ళండి అంటాను. అదేమంత పెద్ద పని కాదు, మొదట్నుంచీ ఆ రోజుని దృష్టిలో పెట్టుకుని రాస్తే.

నేను ఎంత తంటాలు పడినా, పాతికేళ్ళ తర్వాత నా 999 రూపాయల ఆట నా చేతికొచ్చింది. మావాడు పోయిన పుట్టినరోజుకి కొనుక్కున్న ఆటకి డబ్బా లేదు, డిస్కు లేదు. పాతికేళ్ళ తర్వాత వాడు ఏ అటక సర్దితే అది దొరుకుతుంది?