మెస్సు పప్పులో మొజాంబిక్

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా సందుకో హాస్టల్. గ్రూప్స్ కోచింగ్‌కనీ కంప్యూటర్ కోర్సులకనీ నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు. మెస్సుల్లో కూర మారుతుంది గానీ పప్పు మారదు. అది పప్పా, పసుపు నీళ్లా అన్న సందేహం వేరే సంగతి.

ఆ కంది ఏ ఊరిదో ఎవరూ అడగరు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. మెస్సు నడిపేవాడు మాత్రం బస్తా ధరే చూస్తాడు. దేశంలో పండేది చాలక మయన్మార్, మొజాంబిక్, టాంజానియా, మలావి నుంచి తెచ్చుకుంటున్నాం. మొజాంబిక్‌లోని నంపులా, జాంబేజియాల్లో చిన్న రైతులు మొక్కజొన్నలో కంది వేస్తారు, మనవాళ్లు పత్తిలో వేసినట్టు. వాళ్లు వేసే మేలు రకాల్లో పటాన్‌చెరు ఇక్రిశాట్ సంస్థ రూపొందించినవీ ఉన్నాయి. పండించినదాన్ని అక్కడ తినేది తక్కువ. దాదాపు అంతా మనకే అమ్మాలి.

చిక్కంతా ఇక్కడే. 2015లో కందిపప్పు కిలో రెండు వందలకు చేరేసరికి ఢిల్లీకి చెమటలు పట్టాయి. 2016లో మొజాంబిక్‌తో ఒప్పందం కుదిరింది: ఏడాదికి లక్ష టన్నులతో మొదలుపెట్టి 2 లక్షలకు పెంచుతామని. ధర చూసి అక్కడా ఇక్కడా రైతులు కందికే మొగ్గారు. పంట పోటెత్తింది. మద్దతు ధర క్వింటాలుకు 5,050 రూపాయలున్నా మన మార్కెట్లలో అంతకంటే తక్కువకే తెగనమ్ముకున్నారు. 2017 ఆగస్టులో కేంద్రం దిగుమతులకు పరిమితి పెట్టింది. ఒప్పందం ఉండి కూడా మొజాంబిక్‌లో ధర కుప్పకూలింది. 2021లో మళ్లీ తలుపులు బార్లా తెరిచారు. అప్పటి నుంచి గడువు పొడిగిస్తూ వస్తున్నారు.

ఆఫ్రికా కంది వల్లే మన రైతు మునిగాడని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఇద్దరినీ ముంచింది ఉన్నట్టుండి మారే ఢిల్లీ నిబంధనలే. తాండూరులో విత్తనం పడ్డాక, నంపులాలో పంట కోశాక నిబంధన మారిస్తే ఎవరు మాత్రం ఏం చేయగలరు?

నన్నడిగితే సుంకాన్ని క్యాలెండర్‌కు కట్టేయాలి. వాళ్ల సరుకు మన కంది కోతకు ముందే ఓడలెక్కుతుంది. నవంబరు దాకా సుంకం లేకుండా రానివ్వండి. మన పంట మార్కెట్‌కొచ్చే డిసెంబరు నుంచి మార్చి వరకు సుంకం వేయండి. ఆ మాట మూడేళ్లకు సరిపడా ఒకేసారి, మృగశిర కార్తెకు ముందే చెప్పండి. కోత నెలల్లో పప్పు కాస్త ప్రియమవుతుంది, నిజమే. కానీ ఈ హాస్టళ్లలో నెలనెలా మెస్సు బిల్లు కడుతున్నవాళ్లలో కంది అమ్ముకునే తండ్రులూ ఉన్నారు.